ఆర్గానిక్ బీఫ్ ఫారంలో 60 గడ్డి బేళ్ల తేడా: ఒక తనిఖీ కేసు

ఈ కేసు 2024 జూన్ రెండో వారంలో చూసింది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, దక్షిణాన ఓజార్క్ కొండల ప్రాంతం. 240 ఎకరాల కుటుంబ ఫారం. డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు, అంతే మనుషులు. కొడుకు పగలు టౌన్‌లో ఉద్యోగం చేసి సాయంత్రం ట్రాక్టర్ ఎక్కుతాడు. పశువుల బాధ్యత పెద్దాయనది, కాగితాలు కోడలివి. పేర్లు, కౌంటీ రాయడం లేదు, మా పనిలో అవి బయటపెట్టకూడదు. వాళ్లని గుర్తుపట్టే రెండు మూడు వివరాలు కూడా మార్చాను.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఆర్గానిక్ ఇన్‌స్పెక్టర్‌ని. సర్టిఫయర్, అంటే ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, పంపిన ఫారానికి వెళ్లి, చూసి, రిపోర్టు రాసి పంపుతాను. సర్టిఫికెట్ ఇవ్వడం, ఆపడం నా చేతిలో లేదు. రైతుకి సలహా చెప్పడమూ నిషేధమే. రూల్ ఏమిటో చూపించొచ్చు, దాన్ని ఎలా దాటాలో చెప్పకూడదు. ఒంగోలు దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకి మాత్రం "ఆవులకి ఏం మేత పెడుతున్నారో లెక్క చూసే ఉద్యోగం" అని చెప్పాను. ఆ పశువులు చివరికి ఎక్కడికి పోతాయో ఆవిడ అడగదు, నేనూ చెప్పను.

ముందుగా ఒక మాట. ఆర్గానిక్, గ్రాస్-ఫెడ్ ఒకటే అనుకునేవాళ్లు కొనేవాళ్లలో చాలామంది ఉన్నారు, పెంచేవాళ్లలోనూ ఉన్నారు. ఆర్గానిక్‌కి చట్టం ఉంది. చట్టం 1990లో వచ్చింది, దాని నిబంధనలు 2002 అక్టోబరులో అమల్లోకి వచ్చాయి, 2010లో పచ్చిక రూల్ చేరింది. ఆ రూల్ ప్రకారం ఏడాదికి కనీసం 120 రోజులు పశువు బయట మేయాలి. మేపు కాలంలో అది తిన్న మేతలో, తేమ తీసేసి లెక్కేస్తే, కనీసం 30 శాతం పచ్చిక నుంచే రావాలి. గ్రాస్-ఫెడ్ సంగతి వేరు. వ్యవసాయ శాఖ 2007లో దానికో ప్రమాణం పెట్టి, 2016 జనవరిలో వెనక్కి తీసుకుంది. ఇప్పుడు లేబుల్ మీద ఆ మాట వేసుకోవాలంటే మాంసం తనిఖీ విభాగం ఆమోదం కావాలి. ఆ ఆమోదానికి ఆధారం చాలావరకు రైతు రాసిచ్చిన కాగితాలే. గింజలు పెట్టకుండా గడ్డి, ఎండుగడ్డి మీద పెంచితే గ్రాస్-ఫెడ్ అవుతుంది. ఆ గడ్డి మీద ఎవరేం కొట్టారో అందులో ఎవరూ అడగరు. ఈ తేడా ఈ కేసులో చివరిదాకా వస్తుంది.

ఉదయం ఎనిమిదికి ఫారం చేరాను. కోడలు గేటు తీసి, కాఫీ ఇచ్చి, పెరటి మీదుగా కొట్టం వైపు నడిపించింది. పెరట్లో కూరగాయల మడి ఉంది. రెండు వరసలు టమాటా, ఒక వరస బీన్స్, వాటి పక్కనే మొక్కజొన్న. టమాటా చూసి ఆగిపోయాను. చిగుళ్లు ఫెర్న్ ఆకుల్లా సన్నగా మెలి తిరిగి, కాండం వంకర్లు పోయి, ఆకులు అంచుల్లో లోపలికి చుట్టుకుని ఉన్నాయి.

మనవైపు ఎవరైనా దీన్ని చూస్తే "ఆకుముడత" అంటారు. నాకూ మొదట అదే తోచింది, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. కానీ బీన్స్ కూడా అలాగే గిన్నెల్లా ముడుచుకుని ఉంది. మొక్కజొన్న మాత్రం నిగనిగలాడుతోంది. ఒక వైరస్ టమాటానీ బీన్స్‌నీ ఒకే తీరున వంచి, మధ్యలో గడ్డిజాతి మొక్కని వదిలేయడం నేను చూడలేదు. కలుపుమందు అయితే సరిగ్గా అలాగే చేస్తుంది. పచ్చికలో వెడల్పాకు కలుపు చంపడానికి కొట్టే అమినోపైరలిడ్, పిక్లోరామ్ లాంటి మందులు గడ్డిజాతిని ముట్టుకోవు. కాబట్టి మందు కొట్టిన గడ్డి చక్కగా పెరుగుతుంది, కోసి ఎండబెట్టి బేళ్లు, అంటే పెద్ద గడ్డి చుట్టలు, కడతారు, పశువు తింటుంది. పశువుకీ ఏమీ కాదు. మందు దాని పొట్టలో విరగదు, మూత్రంలో, పేడలో అలాగే బయటికొస్తుంది. ఆ పేడ మడిలో వేస్తే టమాటా పని అయిపోతుంది.

"ఎరువు ఏం వేశారమ్మా?" అని అడిగాను.

"మనదే. చలికాలం మేత వేసిన చోటు నుంచి ఏప్రిల్‌లో ఎత్తి వేశాం. ఈ ఏడు విత్తనమే బాగాలేనట్టుంది."

ఆమె మొహంలో దాపరికం ఏమీ కనపడలేదు. నోట్‌బుక్‌లో రాసుకుని, ఫొటో తీసుకుని ముందుకి నడిచాను. పెరటి టమాటా అమ్మకానికి కాదు, దానికి సర్టిఫికెట్టూ లేదు. నా పనికి సంబంధం లేదని వదిలేసి ఉండొచ్చు. కానీ ఆర్గానిక్ ఫారంలో తయారైన పేడలో కలుపుమందు ఉందంటే అది బయటినుంచి ఎలాగో రావాలి.

పచ్చిక నడిచి చూడడానికి రెండు గంటలు పట్టింది. దాని గురించి పెద్దగా రాయను, ఎందుకంటే బాగుంది. ఎరుపు, తెలుపు క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క) ఒత్తుగా ఉంది, మేసిన పాడక్‌లో, అంటే కంచె కట్టిన మేపు చెక్కలో, గడ్డి నాలుగు అంగుళాలకి తగ్గలేదు. ఈ ప్రాంతంలో గడ్డి అంటే ఎక్కువగా టాల్ ఫెస్క్యూ, అందులోనూ 1943లో విడుదలైన కెంటకీ 31 రకం. దాని లోపల ఒక బూజు కాపురముంటుంది. అది గడ్డిని కరువుకీ పురుగుకీ తట్టుకునేలా చేస్తుంది, కానీ తిన్న పశువు ఎండాకాలంలో ఒళ్లు వేడెక్కి, మేత తగ్గి, రోజంతా గుంటలో నీళ్లలో నిలబడుతుంది. క్లోవర్ కలిపితే ఆ విషం పలచబడుతుంది. పెద్దాయనకి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

మందలో 24 ఆవులు, ఒక ఆబోతు, 22 పాలు తాగే దూడలు, 20 ఏడాది దూడలు, రెండేళ్లు దాటిన కోడెలు 14. అన్నీ నల్ల ఆంగస్ పోలికే. ఒక్క ఆవుకి మాత్రం చిన్న మోపురం, వేలాడే గంగడోలు ఉన్నాయి. బ్రహ్మన్ సంకరం అన్నాడాయన. బ్రహ్మన్‌ని ఇక్కడ తయారుచేసింది మన దేశం నుంచి వచ్చిన పశువులతోనే, వాటిలో ఒంగోలు రక్తం కూడా ఉందని చెప్తే నమ్మనట్టు చూశాడు.

ఒళ్లు, డొక్కలు, కాళ్లు, కళ్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెవుల్లో ఈగల మందు ట్యాగులు లేవు. ఖనిజ మిశ్రమం సంచి మీద ఉన్నవన్నీ చదివాను. దుమ్ము లేవకుండా మినరల్ ఆయిల్ కలిపే కంపెనీలు ఉన్నాయి, అది కుదరదు. ఇక్కడ అది లేదు.

తర్వాత చలికాలం మేత వేసే చోటుకి తీసుకెళ్లమన్నాను. కొట్టం వెనక రెండెకరాల చెక్క. గిట్టలతో చితికిన బురద ఎండి గట్టిపడింది, దాని మీద పేడ, తొక్కిన గడ్డి. బూటుతో కొంచెం కెలికితే నారింజ రంగు ప్లాస్టిక్ తాడు ముక్క వచ్చింది. ఇంకాస్త కెలికితే ఇంకోటి. అయిదు నిమిషాల్లో పిడికెడు తాళ్లు. కొట్టంలో మిగిలిన 8 బేళ్లకి మాత్రం తాడు లేదు, తెల్లటి వల చుట్టి ఉంది. బేళ్లు కట్టే వాళ్ల బేలర్ దగ్గరికి వెళ్లి చూశాను, వల మాత్రమే చుట్టే మెషీన్. తాడు పెట్టే డబ్బానే లేదు.

టేప్ తీసి ఒక బేల్ కొలిచాను. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు. పెద్దాయన "వెయ్యి పౌండ్లు ఉంటుంది" అన్నాడు. ఆ కొలతకి, అది కట్టిన బిగుతుకి 900 దగ్గర ఉంటుందని నా అంచనా. రైతు ఎప్పుడూ తన బేల్‌ని కాస్త బరువుగానే చూస్తాడు.

ఇక వంటింటి బల్ల దగ్గరి పని.

2024 మార్చి 19 నుంచి కొత్త అమలు నిబంధనలు వచ్చాయి. ప్రతి వార్షిక తనిఖీలోనూ వచ్చింది ఎంత, పోయింది ఎంత అన్న నిల్వ లెక్క, ఒక సరుకుని వెనక్కి మొదలుదాకా పట్టుకెళ్లే లెక్క తప్పనిసరి. అంతకుముందు కూడా చేసేవాళ్లమే, కాకపోతే నా మట్టుకు నేను మాంసం అమ్మకాల వైపే చేసేవాణ్ణి. 1150 పౌండ్ల కోడె కోస్తే వేలాడదీసిన బరువు 640 చుట్టూ వస్తుంది, ప్యాకెట్లలోకి వెళ్లేది 400 చిల్లర. కబేళా రసీదులు, అమ్మిన పౌండ్లు, ఫ్రీజర్‌లో మిగిలినవి కలిపి చూస్తే లేని పశువు మాంసం అమ్ముతున్నారా అన్నది తేలిపోతుంది. ఇక్కడా చేశాను. ప్యాకెట్టుతో సహా సరిపోయింది.

మేత లెక్క సరిపోలేదు. 2024 జనవరి 1 నుంచి ఏప్రిల్ 10 దాకా మంద పూర్తిగా ఎండుగడ్డి మీదే ఉందని వాళ్ల రికార్డు చెప్తోంది. అంటే 101 రోజులు. అప్పుడు 24 ఆవులు, ఆబోతు, పాలు మాన్పించిన 20 దూడలు, 18 కోడెలు ఉన్నాయి. ఆవుకి రోజుకి 26 పౌండ్ల పొడి మేత, ఆబోతుకి 36, దూడకి 13, కోడెకి 20 వేసుకున్నాను. ఇవి ఉదారమైన అంకెలేమీ కావు. మొత్తం 1280 పౌండ్లు. గడ్డిలో ఉండే తేమ కలిపితే 1455. తొక్కి పాడుచేసేది నూటికి పదిహేను అనుకుంటే రోజుకి 1710 పౌండ్లు, అంటే రెండు బేళ్లకి కాస్త తక్కువ. 101 రోజులకి 192 బేళ్లు. ఒక్క పరక కూడా వృథా కాలేదనుకున్నా 163.

కాగితం మీద 2023లో కోసినవి 96, అంతకుముందు ఏడాది మిగిలినవి 40. ఇప్పుడున్నవి 8. కాబట్టి వాడినవి 128.

మామూలు సంవత్సరం వాళ్లకి 190 దాకా వస్తాయి. 2023లో మిస్సోరీని కరువు పట్టుకుంది, రెండో కోత అసలు రాలేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, 2023 సెప్టెంబరు తనిఖీకి వచ్చింది నేనే. ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. ఆ రోజు కోడలు చూపించిన పచ్చిక షీటులో మే నుంచి ప్రతి నెలా 85 శాతం పచ్చిక అని ఉంది. జూన్‌లో 85, కరువు ముదిరిన ఆగస్టులోనూ 85. నిజంగా కొలిచినవాళ్ల అంకెలు అలా ఉండవు. 30 దాటింది కదా అని నేను టిక్ పెట్టేశాను. గింజలు పెట్టని ఫారంలో 30 శాతం అనేది అడ్డంకే కాదు, అందుకే ఆ కాలమ్‌ని ఎవరం సరిగ్గా చదవం. అది చదివి ఉంటే, ఈ చలికాలానికి గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తారని ఆ రోజే అడిగేవాణ్ణి.

లెక్క కాగితం బల్ల మీద వాళ్ల వైపు తిప్పాను. "192కి 128. మధ్యలోవి ఎక్కడివి?" కోడలు మామగారి వైపు చూసింది. ఆయన కాసేపు కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"మన పక్కాయన దగ్గర అరవై తీసుకున్నాను. జనవరి చివర్లో. ఆవులన్నీ నిండు చూడితో ఉన్నాయి. ఆకలికి పెట్టమంటావా?"

ఆగస్టులోనే కొన్ని బేళ్లు విప్పాల్సి వచ్చిందని కూడా అప్పుడే చెప్పాడు. అదీ కాగితంలో లేదు. కోడలికి ఈ కొనుగోలు తెలియదు, చెక్కు ఆయన సొంత ఖాతాది. పక్కాయనకి సర్టిఫికెట్ లేదు. "ఆయన ఏమీ కొట్టడు, కిందటేడు ఒక్కసారి కలుపుకి ఏదో కొట్టాడంతే" అన్నాడు. పెరట్లోని టమాటా సంగతి నేను అనలేదు. ఆ మాట వినగానే కోడలే లేచి కిటికీలోంచి మడి వైపు చూసింది.

ఈ అరవై బేళ్లు ఎందుకంత పెద్ద విషయమో చెప్పాలి. ఆర్గానిక్ మాంసం పశువుకి రూల్ పుట్టుకతో మొదలవదు, అంతకంటే ముందే మొదలవుతుంది. తల్లి చూడి కాలంలో ఆఖరి మూడోవంతు నుంచీ దూడని ఆర్గానిక్‌గా పెంచాలి. ఆవు చూడి కాలం దాదాపు 283 రోజులు, మూడోవంతు అంటే 94. ఈ మంద మార్చి 10 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఈనింది. అంటే అన్నిటికంటే ఆలస్యంగా ఈనిన ఆవు కూడా జనవరి 22 నాటికే ఆ గీత దాటేసింది. ఫిబ్రవరి మొదట్లో పక్కాయన గడ్డి విప్పేసరికి కడుపులో ఉన్న ప్రతి దూడా రూల్ కిందికి వచ్చేసింది.

పశువైద్యుడిగా నాకు ఈ రూల్ అర్థంలేనిదిగా అనిపించదు. కడుపులో దూడ బరువులో ఎక్కువ భాగం పెరిగేది ఆ చివరి మూడు నెలల్లోనే. తల్లి తిన్నదే దాని ఒళ్లు. మన ఊళ్లల్లో కూడా నిండు చూడి ఆవుకి మేత వేరుగా చూస్తారు కదా.

కాబట్టి దెబ్బ మూడు వైపుల నుంచి పడింది. ఆ గడ్డి నేరుగా తిన్న 18 కోడెలు, 20 ఏడాది దూడలు మాంసానికి ఆర్గానిక్ కాకుండా పోయాయి, మళ్లీ కావు. ఇంకా పుట్టని 22 దూడలు పుట్టకముందే పోయాయి. ఆ 18 కోడెల్లో నాలుగు మే నెలలోనే కోతకి వెళ్లాయి, వాటి మాంసంలో సగం ఆర్గానిక్ లేబుల్‌తో అమ్ముడైపోయింది. ఆవులు మాత్రం మిగిలాయి, ఈనడానికి ఉంచుకున్న ఆవుల రూల్ వేరు. వచ్చే చూడిలో ఆఖరి మూడోవంతు నుంచీ మళ్లీ ఆర్గానిక్ మేత పెడితే వాటి దూడలు ఆర్గానిక్ అవుతాయి. అంటే 2025 వసంతంలో పుట్టి, రెండున్నరేళ్లు పెరిగి, 2027లో కోతకి వచ్చేవి. ఒక ఫిబ్రవరిలో విప్పిన అరవై బేళ్లు మూడేళ్ల సరుకుని తీసుకుపోయాయి.

ఇంత జరిగినా గ్రాస్-ఫెడ్ లేబుల్‌కి ఏమీ కాలేదు. పక్కాయన గడ్డీ గడ్డే కదా. కలుపుమందు కొట్టిన గడ్డి తిన్న కోడె కూడా నూటికి నూరుపాళ్లు గడ్డి తిన్న కోడే. మాటగా తప్పు లేదు. కొనేవాడు ఆ మాటలో ఏం వింటున్నాడన్నదే నాకు మింగుడుపడదు.

వెళ్లేముందు చూసినవన్నీ వాళ్లకి చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. మా పనిలో టెన్షన్ అంతా ఆ పావుగంటే. పెద్దాయన ఒకటే అడిగాడు, "ముందే ఫోన్ చేసి ఉంటే ఏం చెప్పేవాళ్లు?" కరువొస్తే పచ్చిక శాతంలో తాత్కాలిక సడలింపు కోరడానికి రూల్‌లో చోటుంది, ఆ పేజీ చూపించాను. అడగకుండా సర్టిఫికెట్ లేని గడ్డి తేవడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. అప్పుడు సర్టిఫైడ్ గడ్డి దొరికేదా? కరువు ఏడాది, దూరం నుంచి ట్రక్కు కిరాయితో రావాలి. సగం మందని శరదృతువులోనే అమ్మేసి ఉంటే ఉన్న గడ్డి సరిపోయేది. ఇది నా మనసులో అనుకున్నదే, బయటికి అనలేదు. అంటే సలహా అయిపోతుంది.

రిపోర్టులో టమాటా ఫొటో, తాళ్ల ఫొటో, లెక్క కాగితం, చెక్కు నకలు జతచేశాను. మేత వేసిన రెండెకరాల్లో పేడ ద్వారా మందు చేరి ఉండొచ్చని కూడా రాశాను, ఆ చెక్క సంగతి తేల్చడం సర్టిఫయర్ పని. నిబంధన ఉల్లంఘన నోటీసు వెళ్లింది. ఫ్రీజర్‌లో ఉన్న నాలుగు కోడెల మాంసం లేబుల్ తీసేశారు. ఆర్గానిక్ కానివాటికి పసుపు ట్యాగులు, ఆవులకి, ఇకముందు పుట్టేవాటికి ఆకుపచ్చ. కొన్న ప్రతి బేల్‌కీ రసీదుతో ఒక పుస్తకం. ఆ రెండెకరాల్లో తేలేదాకా మేపు బంద్. సర్టిఫికెట్ సస్పెన్షన్ దాకా వెళ్తుందనుకున్నాను, వెళ్లలేదు. అడగగానే దాచకుండా చెప్పడం పనిచేసిందనుకుంటాను. కోడెలు, ఏడాది దూడలు గ్రాస్-ఫెడ్ పేరుతో, తక్కువ ధరకి వెళ్లిపోతాయి.

2025 జూన్‌లో మళ్లీ నన్నే పంపారు. మేత పుస్తకం కొట్టం తలుపుకి మేకు కొట్టి వేలాడుతోంది, పెన్సిల్ దారంతో కట్టి ఉంది. రాత పెద్దాయనది. ఆగస్టు పచ్చిక 55, సెప్టెంబరు 60, అక్టోబరు 75 అని ఉన్నాయి. మెట్ల మీద ఆరు చిన్న కుండీల్లో బీన్స్ మొలకలున్నాయి, ప్రతి కుండీ మీద పేడ ఎక్కడినుంచి ఎత్తారో మార్కర్‌తో రాసి ఉంది. పేడలో మందు ఉందేమో ఇలా చూడమని కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో, అంటే రైతులకి సలహాలిచ్చే ఆఫీసులో, చెప్పారట. నాలుగింట్లో ఆకు సాఫీగా ఉంది. రెండింట్లో ఇంకా గిన్నెలా ముడుచుకునే ఉంది, రెండూ ఆ రెండెకరాల చెక్కవే.

కొత్త దూడలు 21, అన్నిటికీ ఆకుపచ్చ ట్యాగు. పాత మందలో ఒక పెయ్యకి ట్యాగు లేదు, చెవి చీరి ఉంది. కంచెకి తగిలి ఊడిందన్నాడు, పసుపుదే అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. రిపోర్టులో "ట్యాగు లేని పశువు 1, ఆర్గానిక్‌గా లెక్కించలేదు" అని రాశాను.